వినపడకుండానే ఊపిన తల

కరోనా సద్దుమణిగిన ఏడాది. గచ్చిబౌలిలో మా వినికిడి క్లినిక్. వచ్చేవాళ్లలో సగం మంది రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెవులు పాడుచేసుకున్న ఐటీ పిల్లలే. పన్నెండేళ్లుగా అదే గది, అవే బీప్‌లు. ఒకరోజు మధ్యాహ్నానికే నాకు ఓపిక అయిపోయింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడొచ్చారు ఏసుదాసు గారు. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఉండేది బోరబండలో. బస్సు కండక్టరుగా రిటైరయ్యారు, వాళ్ల చర్చిలో సంఘపెద్ద. ఆడియోమెట్రీ అంటే, చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటాం. ఈయనేమో నేను ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కేస్తున్నారు. మూడుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాను. నాలుగోసారి ఒళ్లు మండి, తలుపు తీశాను.

“వినపడకుండా ఎందుకు నొక్కుతున్నారండీ?” అన్నాను గట్టిగా.

“నీ మొఖం సూసిన బిడ్డా. పొద్దటిసంది అలిసిపోయినట్టున్నవ్. జల్ది అయిపోతదని నొక్కిన.”

నిజం చెప్పాలంటే కోపం తగ్గలేదు, పెరిగింది. “ఇలాగైతే మీకిచ్చే చెవి మిషన్ తప్పుగా సెట్ అవుతుంది. నష్టం మీకే” అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. “నా ఒక్కనికే అయితే ఫికర్ లేకుండె” అని చెప్పడం మొదలుపెట్టారు.

సంఘంలో జబ్బుపడ్డ వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల బాధ విని, ప్రార్థన చేసి రావడం ఆయన పని. ఏడాదిగా సగం మాటలు వినపడటం లేదు. చెవుడని తెలిస్తే ఇక ఎవరు పిలుస్తారని తల ఊపుతూ నెట్టుకొచ్చారు. కిందటి నెల సారమ్మ అనే ముసలామె ఏడుస్తూ ఏదో అడిగితే, “దేవుడు సూస్కుంటడమ్మా” అని ప్రార్థన చేసి వచ్చేశారు. కాలికి పుండు పడింది, దవాఖానకు తీసుకుపోతావా అని ఆమె అడిగిందట. వారం తర్వాత పక్కింటివాళ్లు తీసుకెళ్లేసరికి రెండు కాలివేళ్లు తీసేయాల్సి వచ్చింది.

“గప్పటిసంది ఆమె ఇంటికి పోలే. ఏ మొఖం పెట్టుకొని పోవాలె?”

హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెట్టి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటి కూడా ఉత్తినే నొక్కలేదు.

మిషన్ పెట్టిన మూడు వారాలకు మళ్లీ వచ్చారు. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముందు లేచి చెబుతారు. మిషన్ పెట్టుకున్నాక వచ్చిన మొదటి ఆదివారం ఈయన లేచి తన తప్పు చెప్పారట.

“నాకు ఇనవడదు, ఇనవడ్డట్టు తల ఊపిన, దేవుని పేరు మీద అబద్ధమాడిన అని చెప్పిన.”

అటునుంచి అటే సారమ్మ దగ్గరికి వెళ్లారు. అంతా విని ఆమె, “రేపు కట్టు మార్పించాలె, తీస్కపోతవా?” అందట. అప్పట్నుంచి రోజు మార్చి రోజు ఆటోలో తీసుకెళ్తున్నారు.

“ఇప్పుడెవరిదైనా మాట అందకపోతే?” అని అడిగాను.

“మళ్ల చెప్పుమంట. సిగ్గు ఇడిసిపెట్టిన బిడ్డా, బరువు దిగినట్టు పానం అల్కగైంది.”

పన్నెండేళ్లు జనం చెవులు పరీక్షించాను. వాళ్లు చెప్పేది సగం విని తల ఊపడం నాకూ అలవాటేనని ఆయన్ను చూశాకే తెలిసింది.

వెళ్తూ వెళ్తూ ఆయన తలుపు దగ్గర ఆగారు. “నువ్వెట్లున్నవ్ బిడ్డా?”

“బాగున్నానండీ” అన్నాను, కంప్యూటర్ చూస్తూనే.

ఆయన వెనక్కి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. “ఇనవడలే. మళ్ల చెప్పు.”

మిషన్ బాగానే పనిచేస్తోంది. సెట్ చేసింది నేనే.

“అలిసిపోయాను తాతగారూ” అన్నాను.