ఎర్రకన్ను పావురం

బాపుకు పక్షవాతం వచ్చిన రోజు గూడూరులోని మా ఇంటికి అందరికన్నా ముందు చేరినవి పావురాలు. నేను మహబూబాబాద్‌లో జీవశాస్త్రం చెప్పుకునే టీచర్ని. ఫోన్ రాగానే ఆటో ఎక్కి వెళ్లేసరికి బాపు మంచం మీద మూతి వంకరపోయి, కుడిచెయ్యి, కుడికాలు పడిపోయి ఉన్నాడు. పక్కన గంప కింద పావురాలు. దవాఖాన మాట ఎవరి నోటా లేదు.

పడిపోయిన చేతికీ కాలికీ పావురం రక్తం పూసి దుప్పటి చుడితే చాలని మా మేనత్త తేల్చేసింది. ఏ పావురమైనా పనికిరాదట. కన్ను ఎర్రగా ఉండాలి, ఎర్రకన్నంటే వేడి రక్తమట. తెచ్చినవాటికి కళ్లు నల్లగా ఉన్నాయి. అందుకని మనుషులు పక్క ఊళ్లకు పోయారు. వాళ్లు వచ్చేదాకా బాపును కదపనివ్వరు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే పాఠం మొదలుపెట్టాను. గుడ్లగూబకు పసుపు కన్ను, జెముడుకాకికి ఎర్రకన్ను, కాకికి నల్లకన్ను. అదంతా కంటిలోని రంగు పదార్థాల పని, వేడికీ చలవకూ సంబంధం లేదన్నాను. ఒక్కో పిట్టకు ఒక్కో రంగు ఎందుకో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే పూర్తిగా తెలియదన్నాను. ఈ పావురాలు ఇంకా పిల్లలు, పెరిగితే వీటి కళ్లూ ఎర్రబడతాయన్నాను. అంతటితో ఆగొచ్చు కదా! పావురం కంటికి ఆ ఎరుపు కొంత సన్నని రక్తనాళాల వల్ల కూడా వస్తుందని చెప్పాను.

అత్త చల్లగా నవ్వింది. "గదే గద బిడ్డా నేను జెప్పేది. రక్తముంటెనే ఎర్రగుంటది."

అందరూ తలలూపారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మిట్టమధ్యాహ్నానికి ఎర్రకన్ను దొరికింది. పూశారు. ఆ రక్తం చేతి మీద ఉండగానే పోట్లాడి బాపును దవాఖానకు తీసుకుపోయాను. పొద్దున్నే తెస్తే మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు వీలుండేదని, ఇప్పుడు సమయం దాటిపోయిందని డాక్టర్ చెప్పాడు.

బాపు కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది, చెయ్యి రాలేదు. ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే చూడలేను. అత్త లెక్కలో మాత్రం కాలు రక్తం వల్ల వచ్చింది. అది ఆరకముందే నేను లాక్కుపోవడం వల్ల చెయ్యి పోయింది. బాపు కూడా ఔనన్నట్టు ఊ కొడతాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఊది నా గొంతే పోయింది.

మొన్న కొడకండ్ల నుంచి అత్త కూతురు ఫోన్ చేసింది. వాళ్ల అత్తగారికి పొద్దున మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిందట. ఇంకేమీ చెప్పనివ్వకుండా, ఉన్నపళంగా దవాఖానకు తీసుకుపొమ్మని అరిచాను.

"తీస్కపోతం వదినా," అంది ఓపికగా. "పిల్ల పావురాలకు కండ్లు నల్లగుంటయని నువ్వే జెప్పినవంట గద. పెద్దదాని కోసం పోయిండ్రు, రాంగనే తీస్కపోతం."