జిన్నింగు మిల్లుల వెనక వీధికి రోజూ వచ్చిన అక్క

మొన్న మంగళవారం పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. అక్క పోయింది. ఆదోని బస్సుకని తయారై, చెప్పులు వేసుకుంటూ గడప దగ్గరే కూలబడిందట. గుండెపోటు అన్నారు.

అక్క నాకు బంధువు కాదు. ఆదోనిలోని మా చిన్న సంస్థలో ఆమె పెద్ద కేస్‌వర్కర్. నేను ఆమె దగ్గర పని నేర్చుకున్నదాన్ని. పత్తి సీజన్‌లో బీహారు నుంచి, పత్తిలో గింజలు తీసే జిన్నింగు మిల్లుల పనికి కుటుంబాలు వస్తాయి. వాళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ఏ చిక్కు వచ్చినా పక్కన నిలబడడం మా పని.

అక్క ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టింది. ఆమె హిందీ ఆదోని బజారులో అబ్బిన ఉర్దూ. మాట తట్టకపోతే మధ్యలో తెలుగు, అదీ కాకపోతే కన్నడం. బీహారు ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి, ఆ తప్పుమాటే మళ్ళీ అనేది.

చేరిన కొత్తలో నేను ఏ ఇంటికి వెళ్ళినా కూర్చోగానే ప్రశ్నలు మొదలుపెట్టేదాన్ని. ఒకరోజు అక్క ఆపింది. "పోలీసోళ్ళ మాదిరి ఏంది పాపా అది? ముందు వాళ్ళిచ్చిన టీ తాగు."

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. ఆడపిల్లల వెనక కూర్చుని తల దువ్వుతూ మాట్లాడేది. "ఎదురుగ్గా కూసుంటే పిల్లోళ్ళు బెదురుతారు. ఎనకాల ఉంటే మన మొగం సూడాల్సిన పని లేదు కదా" అనేది.

రింకీ మాట్లాడింది కూడా అలాగే. పద్నాలుగేళ్ళ పిల్ల. మిల్లులో పనిచేస్తుంటే అధికారులు బయటికి తెచ్చారు. తండ్రి లేడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. మేనమామే ఆమెను కూలీలను తెచ్చే మేస్త్రీ వెంట పంపాడు. తిరిగి ఆ మేనమామ ఇంటికే పంపాలని దాదాపు ఖాయమైంది. ఎవరేమడిగినా ఆ పిల్ల నోరు విప్పలేదు. అక్క ఆ పిల్ల వెనక చేరి, జుట్టులో చిక్కుకున్న దూది పోగులు ఒక్కొక్కటే తీయసాగింది. చాలాసేపటికి రింకీ హిందీలో మెల్లగా అంది: "అక్కడికి పంపొద్దు. మామ ఇంకో మేస్త్రీతో పంపించేస్తాడు. మా దీదీ ఈ ఊళ్ళోనే ఉంది."

దీదీ అంటే సొంత అక్క. ఇంకో మిల్లులో పనిచేస్తోంది. తన వల్ల ఆమె పని పోతుందేమోనని రింకీ అంతవరకూ చెప్పలేదు. మేము వెతుక్కుంటూ వెళ్తే, ఆమె చెల్లెలి పేరు వినగానే ఏడ్చేసింది. "మేము తినేదే తింటుంది, మా దగ్గరే ఉంచండి" అని భార్యాభర్తలిద్దరూ అన్నారు.

కర్నూలులో పిల్లల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్ళాం. "రేకుల షెడ్డులో ఆడపిల్లకు భద్రత ఏముంటుందమ్మా?" అని అడిగారు.

"మీరడిగేది న్యాయమే సార్. వారం వారం నేనే పోయి సూసి వస్తా. కానీ ఆ పాప ఈడే ఉండాది. ఆ పాపను అడక్కుండా ఆ పాప గురించి మనం మాట్లాడుకునేది బాగలేదు" అంది అక్క.

అడిగారు. రింకీ వచ్చీరాని తెలుగులో, "దీదీ దగ్గర ఉంటా. బడికి పోతా" అంది. బడి మానకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

బడిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారని రింకీ మొదటివారమే ఏడ్చింది. "సిగ్గెందుకు? బాస రాకపోతే ఎవురైనా సిన్నపిల్లోళ్ళే. నా హిందీ వింటాండావు కదా!" అంది అక్క. ఆ పిల్ల ఏడుపు మధ్యలో నవ్వింది. పదో తరగతి పాసై, కుట్టుపని నేర్చుకుని, ఇప్పుడు ఒక టైలరు షాపులో పనిచేస్తోంది.

అన్ని కేసులూ ఇలా ముగియలేదు. సీజన్ అయిపోగానే చెప్పకుండా వెళ్ళిపోయిన కుటుంబాలు ఎన్నో. బడిలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న పిల్లలూ వాళ్ళతోపాటే మాయమయ్యేవాళ్ళు. అక్క ఖాళీ షెడ్డు ముందు కాస్త నిలబడి, "యాడున్నా సల్లగుండనీ" అని, పక్కింటి తలుపు తట్టేది.

మంగళవారం ఎమ్మిగనూరు బస్సెక్కే ముందు నేను మిల్లుల వెనక, బీహారు కుటుంబాల షెడ్లున్న వీధికే వెళ్ళాను. పనికి పోయే వేళ, ప్రతి షెడ్డు ముందూ పొయ్యి వెలుగుతోంది. రింకీ రొట్టెలు కాలుస్తోంది. చెప్పాను.

"దగ్గర ఎవరున్నారు?" అని తెలుగులోనే అడిగింది.

"ఇంట్లోవాళ్ళంతా ఉండారంట."

తలూపి, వాళ్ళ భాషలో దీదీకి చెప్పింది. దీదీ పక్కింటామెకు చెప్పింది. తరవాత రింకీ వంగి, మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. "ఇంట్లో మనిషి పోతే మా వైపు పొయ్యి వెలిగించం" అంది నాతో.

పక్కింటామె కూడా కట్టెలు లాగింది. ఆ పక్కన ఇంకొకామె. వీధి చివరిదాకా ఒక్కొక్క పొయ్యే ఆరుతూ పోయింది. పెనాల మీద రొట్టెలు సగం కాలి అలాగే ఉన్నాయి.