ఆయన పేర బీమా, నా జీతంలో పన్ను

మా ఆయన బొగ్గుబాయిలో ఓవర్‌మన్. ఓ జట్టు మనుషులంతా ఆయన మాట మీద నడిచేవాళ్లు. చిన్నతనంలో పనికి చేరేటప్పుడు ఈడు చాలదంటారేమోనని రెండేళ్లు ఎక్కువ రాయించుకున్నాడట. ఆ తెలివి చివర్లో మా నెత్తికి చుట్టుకుంది. ఒంట్లో సత్తువ ఉండగానే రిటైరని చెప్పి ఇంటికి పంపారు. చేతికొచ్చిన ఫండు పైసలు నస్పూర్‌లో ఇల్లు కట్టుకోవడానికే అయిపోయాయి. ఇక మిగిలింది బడిలో నా ఉద్యోగం, ముసలితనానికి అక్కరకొస్తుందని ఆయన పేర తీసుకున్న బీమా.

మగవాడు పెళ్లాం ముందు చెయ్యి చాపడమంటే మా వైపు చావుతో సమానం. అందుకని జీతం రాగానే కొయ్యకు వేలాడే ఆయన అంగీ జేబులో పైసలు పెట్టేదాన్ని. నేను పెట్టనట్టు ఉండేదాన్ని, ఆయన చూడనట్టు ఉండేవాడు. మంచిర్యాల వెళ్లి బీమా కిస్తు కట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం సవరించుకుంటూ వచ్చేవాడు. నాకు లోలోపల నవ్వొచ్చేది.

హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాక నా జీతంలో పన్ను కోయడం మొదలైంది. మా బడి గుమస్తా ఒక మాట చెప్పాడు. రిటైరైన మనిషికి రాబడి లేదు కాబట్టి బీమా కట్టినా ఆయనకు పన్నులో కలిసొచ్చేదేమీ లేదట. అదే ఉద్యోగమున్న భార్య తన జీతంలోంచి భర్త బీమా కడితే ఆమెకు పన్ను తగ్గిస్తారట. ఇంకేం, కడుతున్నది నేనేనని సంబరంగా రాసిచ్చాను. కొన్నాళ్లకు కరీంనగర్‌లోని పన్ను ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇద్దరూ రావాలన్నారు.

పెద్దపల్లి దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాం. ఆఫీసులో అడుగుపెడితే మాకు బీమా చేయించిన ఏజెంటు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బాయిలో మా ఆయన చేతికింద పనిచేసినవాడు. వాణ్ణి చూడగానే ఆయన మొహం నల్లబడింది.

అధికారి కోస్తా నుంచి వచ్చిన మనిషి. నెమ్మదిగానే అడిగాడు. "మీరు కడుతున్నట్టు రాశారు. మీ ఆయన తన ఫండు డబ్బుతో కడుతున్నారని ఏజెంటు అంటున్నాడు. ఏది నిజమమ్మా?"

ఏజెంటు లేచి చేతులు కట్టుకున్నాడు. "మా ఓవర్‌మన్ సారు జెప్పిందే నేను జెప్పిన. పైసలు యాడియని అడిగితే, నా ఫండు పైసలు మస్తుగున్నయన్నడు. తప్పయితే మాఫ్ జెయ్యుండ్రి."

ఊళ్లో పరువు కోసం ఈయన కోసిన కోతలు ఇక్కడిదాకా వచ్చాయన్నమాట! నిజం నేనే చెప్పవచ్చు. కానీ ఒకనాడు ఆయన చేతికింద పనిచేసినవాడి ముందు, నా మొగుడు అబద్ధాలకోరని ఏ నోటితో చెప్పను? ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పట్టుకుని కుదిపేయాలన్నంత కోపమొచ్చింది నాకు.

"అబద్ధం రాసిచ్చారని తేలితే మీ పైవాళ్లకు తెలియజేయాలి. మీ ఉద్యోగానికే ముప్పు," అన్నాడు అధికారి కలం మూస్తూ.

అప్పుడు లేచాడు మా ఆయన.

"ఫండు పైసలు ఎప్పుడో ఒడిసినయ్ సార్. ఆమెనే కడుతుంది. నేను తినే బువ్వ, తాగే చాయ్, గీ అంగీ, అన్ని ఆమె జీతమే. అబద్ధమాడింది నేను. ఆమె ఆడలే."

ఏజెంటు తల దించుకున్నాడు. అధికారి ఆ మాటలే రాయించుకుని సంతకం తీసుకున్నాడు. నేను రాసిచ్చింది చెల్లుతుందని చెప్పి పంపించాడు. గండం గడిచింది కానీ నాకు సంతోషం కలగలేదు. నా ముందు నడుస్తున్న మనిషి వీపు చూస్తే ఏడుపొచ్చింది.

బస్టాండులో నా వైపు తిరిగాడు. "నేను సస్తే గా పైసలు నీకొస్తయి. బతికితే గూడ నీ పైసలే నీకొస్తయి. గందుల నాదేమున్నది?"

పొద్దుటి నుంచి అణచుకున్న భయం, కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చాయి.

"బతుకుడు!" అని అరిచాను. "గదొక్కటి నువ్వు జెయ్యి. మిగిలింది నేను జూసుకుంట."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఇంతలో పెద్దపల్లి బస్సొచ్చింది. ఆయన ముందుగా ఎక్కి నాకు జాగా పట్టాడు. కండక్టరు టికెట్టు కోసం చెయ్యి చాపితే, నలుగురికీ వినబడేలా, "పైసలు ఆమె కాడుంటయ్, ఆమెనడుగు," అన్నాడు.