నారాయణమ్మ పెద్దమ్మ దగ్గర నేర్చుకున్న చిన్నతనం

కుట్టుమిషను నూనె వాసన తగిలితే చాలు, నా నడుము తనంతట తానే నిటారుగా అవుతుంది. నిన్న ఇక్కడ బర్మాలో, మా ఊరి లమ్మడా పేటలో బస్సు కోసం నిలబడితే పక్క కొట్టులోంచి అదే వాసన వచ్చింది. నారాయణమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. బర్మావాళ్ళు ఆవిణ్ణి గౌరవంగా 'దో నారాయణమ్మ' అనేవారు. నాకు మాత్రం పెద్దమ్మే. పద్దెనిమిదేళ్ళు ఆవిడ కొట్టులో కుట్టాను. వంగి కుడితే వీపు మీద స్కేలుతో ఒక్కటిచ్చేది. ఆవిడ నోటికి జడిసి గిరాకీలు కూడా అరువు బేరాలు ఆడేవారు కాదు.

నలుగురు చెల్లెళ్ళకి నేను అక్కని. వాళ్ళని చదివించడానికి మెట్రిక్ దగ్గర నా చదువు ఆపేశాను. ఆఖరిది ఉద్యోగంలో చేరాక పరీక్ష కట్టి పాసై, నలభై రెండేళ్ళకి సాయంకాలం కాలేజీలో చేరాను. మొదటి పరీక్షల్లోనే రెండు పేపర్లు పోయాయి. అక్కడ అమ్మాయిలకి ఒక అక్కచెల్లెళ్ళ సంఘం ఉంది. కలిసి చదువుకుంటారు, నోట్సు పంచుకుంటారు. అందులో చోటు దొరక్కపోతే నా చదువు మళ్ళీ అటకెక్కుతుందని నాకు తెలుసు.

పులిహోర గిన్నెతో వెళ్ళాను. అందరినీ 'తమీ, తమీ' అన్నాను, బర్మావాళ్ళు కూతుర్ని పిలిచినట్టు. ఒకమ్మాయి జడ సరిచేశాను. ఇంకో అమ్మాయికి జాకెట్టు భుజం కుట్టు వంకరగా ఉందని చెప్పాను. పులిహోర ఊడ్చిపెట్టినట్టు తిన్నారు. తరవాత సంఘం పెద్ద త్వే, ఇరవై ఏళ్ళ పిల్ల, ఎంతో వినయంగా చెప్పింది.

"ఆంటీ, మీరు మాకు అమ్మలాంటివారు. వేడుకలకి అతిథిగా రండి."

అంత మర్యాదగా గెంటెయ్యడం నేనెక్కడా చూడలేదు. కొట్టుకి వచ్చి ఏడ్చాను. పెద్దమ్మ మిషను ఆపలేదు.

"ఏటే గుంటా, ఆళ్ళన్నదాన్లో తప్పేటి? నువ్వు సెల్లెల్లాగ ఎల్లావా, అత్తగార్లాగ ఎల్లావా?"

"వయసుకి విలువుండదా పెద్దమ్మా?"

"ఉంటాది, ఇంటికాడ. నాను యాబై ఏళ్ళకి బర్మా అచ్చరాలు ఎవుల కాడ నేర్సుకున్నాననుకున్నావు? మేడమీద పదేళ్ళ పిల్ల కాడ. అది బల్ల మీద, నాను కింద. దాన్ని సయామ అనే పిల్సేను. సేతులు కట్టుకోమంటే కట్టుకున్నాను."

సయామ అంటే పంతులమ్మ. సేక్కాన్ రేవులో కూలీలని గడగడలాడించిన మేస్త్రీకి కూతురైన పెద్దమ్మ పదేళ్ళ పిల్ల ముందు చేతులు కట్టుకోవడం తలుచుకుంటే ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నవ్వింది సాలు. మల్లీ ఎల్లు. ఈపాలి ఉత్త సేతుల్తో ఎల్లు" అంది.

ఆ మళ్ళీకి ఏడాది పట్టింది. ఈలోగా వానాకాలంలో పెద్దమ్మ పోయింది. నెల తిరిగాక, ఉత్త చేతులతోనే వెళ్ళాను. త్వే ముందు చేతులు కట్టుకుని, "మమ, నాకు సంఘంలో చేరాలని ఉంది" అన్నాను. మమ అంటే అక్క. ఎవరో కిసుక్కున నవ్వారు. త్వే చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగకుండా, "రెండు పేపర్లు పోయాయి. ఒక్కదాన్నే చదువుకోలేకపోతున్నాను" అన్నాను. పోయినసారి పులిహోర పెట్టాను గానీ, ఈ మాట చెప్పలేదు.

త్వే చాప మీద కాస్త జరిగింది.

"ఇలా కూర్చో న్యీమ. ఏ పేపరు?"

న్యీమ అంటే చెల్లెలు. కూర్చున్నాను.

తెలియనిది అడగడానికి చిన్నవాళ్ళ ముందు కింద కూర్చోవాలంటే ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అది పెద్దమ్మ పెట్టిన భిక్ష, ఆవిడకి చెప్పుకోలేకపోయానన్నదొక్కటే బాధ. ఊహ తెలిసినప్పటినుంచీ నేను అందరికీ అక్కనే. నన్ను మొదటిసారి చెల్లీ అన్న మనిషికి ఇరవై ఒక్కేళ్ళు.