పదమూడో నంబరు బూట్లాయన

ఆ రోజుల్లో నాకు ధైర్యం తక్కువ, జాగ్రత్త ఎక్కువ. (రెండో దాన్నే మొదటిదనుకునే వయసు.) అమెరికా వచ్చి ట్రాయ్ అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆఫీసులో అందరూ ఎక్కడెక్కడికో తిరిగొచ్చి ఫోటోలు చూపిస్తుంటే నాకూ పిచ్చి పట్టింది. మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ లోపలే ఉండే ఆర్వీ బండి ఒకటి అద్దెకు తీసుకుని, ఒక్కదాన్నే ఉత్తరాన సరస్సు ఒడ్డుకు వెళ్ళి మూడు రోజులు ఉండి రావాలనుకున్నాను. ఈ సంగతి కారులో ఐదు గంటల దూరాన నేపర్‌విల్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. అక్క ప్రాజెక్ట్ మేనేజర్. గంటలో నలభై వరుసల ఎక్సెల్ షీట్ పంపి, అది చాలదన్నట్టు ఫోన్ చేసింది.

"లొకేషన్ షేర్ చెయ్యి. చీకటి పడకముందే పార్క్ చేసెయ్యి. గ్యాస్ ఆఫ్ చేశావో లేదో రెండుసార్లు చెక్ చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కదానివే ఉన్నావని ఎవరికీ తెలియనివ్వకే. మగాళ్ళ బూట్లు పెద్దవి చూసి కొని డోర్ బయట పెట్టు. ఏ చిన్న తేడా వచ్చినా నేను కార్ వేసుకుని వచ్చేస్తా. ఇంక జన్మలో నిన్ను ఎక్కడికీ ఒంటరిగా పోనివ్వను."

అన్నంత పనీ చేసే మనిషి. కాబట్టి ఈ మూడు రోజులూ ఏ గొడవా లేకుండా గడవకపోతే నా తిరుగుళ్ళు అంతటితో సరి. పాత సామాన్ల దుకాణంలో పదమూడో నంబరు బూట్లు కొన్నాను. (అంత పెద్ద పాదాలున్న తెలుగువాడు నాకు ఇప్పటికీ తారసపడలేదు.) క్యాంప్‌గ్రౌండ్‌లో దిగగానే వాటిని మన ఇళ్ళ గుమ్మం ముందు పెట్టినట్టే మెట్టు పక్కన వరుసగా పెట్టి, అలవాటు కొద్దీ నా చెప్పులు కూడా పక్కనే విడిచి లోపలికి వెళ్ళాను.

పక్క ఆర్వీలో తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఒకరు ఉన్నారు. సాయంత్రం పలకరించి, ఆ బూట్ల వంక చూసి, మీవారు కనబడరేమని ఇంగ్లీషులో అడిగారు. పడుకున్నారన్నాను. మర్నాడు పొద్దున అడిగితే అప్పుడూ పడుకున్నారన్నాను. మధ్యాహ్నం పేరేమిటని అడిగారు. నలభై వరుసల షీట్‌లో ఆయనకి పేరు లేదు. ఏదో ఒకటి చెప్పేయొచ్చుగా, ఒక్కటీ తట్టలేదు. కంగారులో మా నాయనమ్మ గుర్తొచ్చి, మా వాళ్ళలో ఆడవాళ్ళు భర్త పేరు పలకరండీ అని, కర్టెన్ వేసి ఉందో లేదోనని తలుపు వైపు చూస్తూ గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

ఆపైన వాన పట్టుకుంది. నేను తలుపు గడియ వేసుకుని కర్టెన్ సందులోంచి చూస్తే, ఆవిడ కూడా తన కర్టెన్ సందులోంచి నా బండినే చూస్తున్నారు, చెవి దగ్గర ఫోన్. ఎవరికో నా ఆనవాళ్ళు చెబుతున్నారని తేల్చేశాను. అక్కకి మెసేజ్ టైప్ చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైప్ చేశాను. పంపితే వచ్చేస్తుంది, పంపకపోతే ఏమవుతుందో.

నాలుగింటికి ఎవరో తలుపు కొట్టారు. పార్క్ రేంజర్‌నని ఆడగొంతు వినబడింది. యూనిఫాం అనగానే నాకు ముందు తోచేది వీసా. ఒక చేతిలో పెప్పర్ స్ప్రే, ఇంకో చేతిలో వీసా మంజూరైనట్టు ఇచ్చే ఐ-797 కాగితాల ఫైలు పట్టుకుని తలుపు తీశాను.

"మీ భర్తను బయటికి పిలవండి," అంది రేంజర్. ఆమె వెనకే పెద్దావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"లేరండీ."

"ఎక్కడికి వెళ్ళారు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. అసలు లేరు."

రెండు రోజులుగా పడుకునే ఉన్నాడన్న మనిషి అసలు లేడంటే ఎవరికైనా ఎలా వినబడుతుందో, రేంజర్ చూపు మారాక గానీ నాకు వెలగలేదు. ఆమె నన్ను పక్కకు జరగమని లోపలికి వెళ్ళింది. ఒక దిండు, ఒక కంచం, చిన్న రైస్ కుక్కర్. మంచం కింద కూడా వంగి చూసింది. నేను భోరుమని ఏడుస్తూ అక్క షీట్‌తో సహా అంతా చెప్పేశాను. రేంజర్ నవ్వు బయటపడకుండా పెదవులు బిగబట్టి, తన నంబరు ఇచ్చి, ఇక్కడ ఒంటరిగా వచ్చేవాళ్ళు బోలెడంతమంది అని చెప్పి వెళ్ళింది.

పెద్దావిడ మాత్రం గొడుగు మూసి మెట్టు మీద కూలబడ్డారు. "నేనూ ఒక్కదాన్నే వచ్చానమ్మా," అన్నారు. "అంతంత బూట్లవాడు పక్కనే ఉన్నాడని రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఇవాళ నువ్వేమో వాడి పేరెత్తడానికే భయపడ్డావు. వెళ్ళిపోదామని ఇందాక ఇంజిన్ స్టార్ట్ చేశాను కూడా. నిన్ను వాడి దగ్గర వదిలేసి పోబుద్ధి కాలేదు."

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు ఒంటరిగా తిరిగాను. ఆ ఫైలు పట్టుకుని నిలబడ్డ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. అన్ని జాగ్రత్తలూ నా ఒక్కదాని కోసమే తీసుకున్నాను. ఆవిడేమో లోపల అంత మనిషి ఉన్నాడనే నమ్మి, భయపడుతూనే నా గుమ్మం దాకా వచ్చారు.