నాయనమ్మ దాచిన బిందెలు

నా చిన్నప్పుడు, ఒకనాడు తెల్లారేసరికి మా ఇంట్లో నీళ్ల బిందెలన్నీ మాయమయ్యాయి. కోళ్లు పోయాయంటే నమ్మొచ్చు గానీ, ఉత్త బిందెలు ఎవడికి కావాలి?

అప్పటికి అమ్మ వనపర్తి దవాఖాన నుంచి వచ్చి వారమే అయింది. ఏడాదిగా నెలనెలా ఆగని రక్తంతో పాలిపోయిన మనిషి. గర్భసంచిలో గడ్డలున్నాయని ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. లోపలి కుట్లు మానేదాకా బరువులెత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. కానీ అమరచింత దగ్గరి మా ఊళ్లో అవి పల్లికాయ పీకే రోజులు. ఇంటింటికీ నల్లాలు ఇంకా రాలేదు. అమ్మకు మంచం మీద ఒళ్లు నిలవదు. లేస్తుంది, గడపదాకా పోతుంది, బోరింగు చప్పుడు వింటుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ముందురోజు సాయంత్రం బిందె చంకనెత్తుకుని బయల్దేరింది కూడా. కుట్లు పిగిలిపోతాయేమోనని నాకు ఒకటే దడ. నాన్న చూసీ చూడనట్టున్నాడు.

ఇల్లంతా వెతికి చివరికి నాన్న నాయనమ్మను అడిగాడు. "ఏందమ్మా గిది, బిందెలేడ వెట్టినవ్?"

"పక్కింట్ల దాచిన. కండ్లవడితే నీ పెండ్లాం ఊకుంటదా? నీళ్లు గావాలంటే నువ్వే చెంబుతోని తేపో."

మగవాడు బోరింగు దగ్గరికి పోతే నలుగురూ నవ్వరా అని గొణిగాడు నాన్న.

"నిన్ను కన్న వారానికే బిందె నెత్తిన వెట్టుకున్న. గప్పుడు జారిన గర్భసంచి ఇంక సక్కగ గాలే. గట్లనే నడుస్తున్న. సిగ్గుకు ఎవ్వరికి చెప్పలే" అంది నాయనమ్మ.

ఆమె ఎందుకంత మెల్లగా నడుస్తుందో నాకప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. నాన్న చెంబు తీసుకుని వెళ్లాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వారు. ఇంట్లో నీళ్లు నిలవుంచే గోళెం నిండేదాకా తిరుగుతూనే ఉన్నాడు.

అమ్మ కోలుకున్నాక నాయనమ్మను బతిమాలి అదే దవాఖానకు తీసుకెళ్లింది. జారిన సంచికి ఆపరేషన్ చేశారు. ఆమె ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే మళ్లీ బిందెలు లేవు. ఈసారి దాచింది నాన్న.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. కాన్పయినా, ఆపరేషనయినా, ఏ ఆడమనిషిని చూడబోయినా పండ్లు ఆమె చేతికిస్తాను. బిందె మాత్రం ఆ ఇంటి మగవాడి చేతికిస్తాను. నవ్వేవాళ్లు నవ్వనీ.