అవ్వ ఎక్కిన కర్జత్ కొండ

పోయిన ఆదివారం మా అమ్మాయి కొండెక్కి వచ్చి, మడిచే చేతికర్ర మూలన పెట్టి, ఫోనులో ఫోటోలు చూపించింది. కర్జత్ దగ్గరి కొండ. పెద్దదేమీ కాదు, పొద్దున ఎక్కితే చీకటి పడకముందే ఇంట్లో ఉండొచ్చు. వానలు మొదలైతే చాలు, ముంబైలో సగంమంది దాని మీదే ఉంటారు. "అమ్మా, నువ్వెప్పుడైనా ఎక్కావా?" అంది. ఎక్కాను, మా అవ్వతో.

అవి ఎనభైల నాటి రోజులు. కామాఠీపురా పద్నాలుగో గల్లీలో, వరస గదుల చాల్‌లో మూడో అంతస్తున ఒకే గది, ఆరుగురం. కాలేజీలో మాత్రం మా ఇల్లు గ్రాంట్ రోడ్డు స్టేషను పక్కన అని చెప్పుకునేదాన్ని. మాది కూలికొచ్చిన తెలుగువాళ్ల పేటే అయినా, ఊరందరికీ అది సానివాడ. దాని పేరు వింటే ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో ఒకసారి చూశాను, అది చాలు. కాలేజీ పిల్లలందరం కొండెక్కుదామనుకున్నప్పుడు నాయన ససేమిరా అన్నాడు. "మొక్కు లేదు, దేవుడు లేడు, కొండెందుకు ఎక్కుడు?" నాయన తల్లి, అంటే మా అవ్వ, పొగాకు నలుపుతూ తీర్పు చెప్పింది: "పిల్ల ఎంబడి నేను పోత. నువ్వు ఊకో." నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. అవ్వ నోరు విప్పితే ముందు వచ్చేది గల్లీ పేరే. రైల్లో ఆమెకు దూరంగా, స్నేహితురాళ్ల మధ్య కూర్చుని, అడిగినవాళ్లకు గ్రాంట్ రోడ్డు పాటే పాడాను. అవ్వ రెండు సీట్ల అవతల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కొండ మొదలవగానే అవ్వ తూలడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లు వెదురు పరంజీల మీద ఇటుకలు మోసిన మనిషి, మట్టి దారిలో రెండు చేతులూ చాపి గాలిలో తడుముకుంటోంది. "నెత్తిన బరువు లేకుంటే కాలు ఆగుతలేదు బిడ్డా" అంది. కిచిడీ సామాను నింపిన పెద్ద పతేలాను మగపిల్లలు ఇద్దరిద్దరు మోస్తూ ఆయాసపడుతున్నారు. అవ్వ కొంగు చుట్టి చుట్టబట్ట చేసుకుని, పతేలాను నెత్తికెత్తించుకుంది. అంతే, ఇక ఆమెను అందుకోవడం మా వల్ల కాలేదు. మేం రొప్పుతూ పైకి చేరేసరికి మూడు రాళ్లు పేర్చి, పుల్లలు ఏరి కూర్చుంది.

కిచిడీ ఉడుకుతుంటే నా స్నేహితురాలు మరాఠీలో అడిగింది, "ఆజీ, మీ ఇల్లెక్కడ?" అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత గరిటె తిప్పుతూ, నాకంటే మంచి మరాఠీలో, "గ్రాంట్ రోడ్డు. టేషను పక్కనే" అంది.

ఎవరేమడిగినా తన గల్లీ పేరు గొప్పగా చెప్పుకునే మనిషి. నా కోసం దాన్ని మింగేసింది. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. "కాదు, కామాఠీపురా. పద్నాలుగో గల్లీ" అన్నాను, అవసరం లేనంత గట్టిగా. గరిటె ఆగింది. స్నేహితురాలు తన పళ్లెం ముందుకు చాపింది. "ఆజీ, అడుగంటింది నాకే పెట్టాలి."

దిగేటప్పుడు అవ్వ, ఖాళీ పతేలా బరువు చాలదని, అందులో ఒక నల్లరాయి పెట్టుకుని, నవ్వుకుంటూ దిగింది. ఆ రాయి ఇంటిదాకా వచ్చింది.

అదిప్పుడు మా ఇంట్లో తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఉంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నా నెత్తిన ఇప్పుడు ఏ బరువూ లేదు. మొన్న చదునైన రోడ్డు మీద నడుస్తూ ఊరికే తూలాను. కాలం ఒక్కొక్క బరువే దించేస్తూ పోతే హాయిగా ఉంటుందనుకున్నాను గానీ, కాలు నిలవదని అవ్వ ఆనాడే చెప్పింది.